పళ్ళూడగొట్టే రాయి

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయి అయితేనేమి?" అన్న సామెత తెలుగువారి నోట తరచుగా వినిపిస్తుంది. చెడదలచుకొన్నవానికి సాధనం ఏదైనా ఒకటే అని దాని తాత్పర్యం. సామెత మాట అట్లా ఉండగా, నిజంగానే పళ్ళూడగొట్టే రాయి ఒకటి ఉన్నది. అది వీధిలో దొరికే రాయి కాదు, మరొకరు విసిరే రాయీ కాదు. ఎవరి నోటిలో వారికే, వారి ఉమ్మిలోని సున్నంతోనే, ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా పెరిగే రాయి. దానికి తెలుగులో పేరు గార.

గోడకు మెత్తే సున్నపు పూతను గార అంటారు. పంటికి గట్టిగా పట్టిన పూతకూ అదే పేరు. ఈ రెంటికీ ఒకే మాట వాడిన పెద్దల చూపు ఎంత సరియైనదో రసాయనశాస్త్రం తరువాత నిరూపించినది. పంటి గారలోనూ ప్రధానమైన ద్రవ్యం సున్నపు లవణమే. గారకు ముందు దశకు పాచి అని మరొక పేరు ఉన్నది. నీళ్ళ తొట్టి గోడలకు పట్టే జారుడు పొర పాచి. నిద్ర లేచి ఇంకా కడుగని నోరు పాచినోరు. పంటి మీద మెత్తగా ఉన్నంతవరకు అది పాచి, గట్టిపడితే గార. ఈ రెండు మాటల భేదం గుర్తుంచుకొంటే దంతరక్షణలో సగం తెలిసినట్లే. పాచిని ఇంటిలో తోముకొని పోగొట్టుకోవచ్చును. గారను ఇంటిలో పోగొట్టుకోలేము, దానికి వైద్యుడు కావలెను. ఈ సంగతి తెలియక పుచ్చులేని మంచి పళ్ళను పోగొట్టుకొనేవారు చదువుకొన్నవారిలో సైతం ఉన్నారు.

ఎర్రని చార

నలభై ఏళ్ళ బడిపంతులు ఒకరిని ఊహించుకొందాము. ఆయనకు పుచ్చుపన్ను ఒక్కటీ లేదు. పంటి పోటు అంటే ఏమిటో ఎరుగడు. ఒకనాటి ఉదయం పళ్ళు తోముకొని ఉమ్మివేసినప్పుడు నురుగులో ఎర్రని చార కనబడుతుంది. బ్రష్షు గీసుకొన్నది కాబోలు ననుకొంటాడు. మరునాడూ అదే చార. చిగురు ముట్టుకొంటే సలుపు. పుండు మీద రుద్దడం ఎందుకని ఆ వైపు తోమడం తగ్గిస్తాడు. తగ్గించినకొద్దీ చిగురు మరింత ఉబ్బుతుంది. కొన్నాళ్ళకు నోటి వాసన సంగతి ఇంటివారు చెప్పలేక చెప్పలేక చెబుతారు. ఏళ్ళు గడిచిన మీదట చిగురు కిందికి జారి, ముందుపళ్ళు పొడవెక్కినట్లు కనబడతాయి. యాభై దాటేసరికి అవి కదలడం మొదలుపెడతాయి. "వయస్సు మీదపడుతున్నది కదా" అని ఆయన సమాధానపడతాడు.

ఈ కథలో తప్పటడుగు ఎక్కడ పడినది? నెత్తురు కనబడిన నాడు పడినది. చిగురు నుండి నెత్తురు వచ్చేది ఎక్కువగా తోమడం వలన అని ఆయన అనుకొన్నాడు. సాధారణంగా దాని కారణం సరిగా తోమకపోవడం. జబ్బుకు మూలమైన పాచిని అక్కడే ఉండనిచ్చి, దానిని తుడిచివేయగల బ్రష్షును దూరం చేశాడు. చిగుళ్ళ వ్యాధి సులభంగా కుదిరే దశలో నొప్పి పెట్టదు. నొప్పి పెట్టి, పన్ను కదిలే దశకు వచ్చేసరికి పోయినదంతా తిరిగి రాదు. దాని మోసమంతా ఇక్కడే ఉన్నది.

పాచిలోని లోకం

పాచి అంటే మిగిలిపోయిన అన్నపు మెతుకుల ముద్ద అని చాలామంది భావన. దానిని మొట్టమొదట భూతద్దం కింద చూచినవాడు హాలండు దేశంలోని డెల్ఫ్ట్ నగరవాసి ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్. ఆయన వైద్యుడు కాడు, బట్టల వర్తకుడు. తన చేతులతో తానే అరగదీసుకొన్న అద్దాలతో సూక్ష్మదర్శినులు తయారుచేసుకొన్నాడు. ప్రతి ఉదయం ఉప్పుతో పళ్ళు రుద్దుకొనే శుచిమంతుడు. అయినప్పటికీ తన పళ్ళ సందులలో పిండిముద్ద వంటి తెల్లని పదార్థం నిలిచి ఉండడం గమనించి, దానిని నీటిలో కలిపి చూచాడు. అందులో అతిసూక్ష్మమైన ప్రాణులు చురుకుగా కదులుతున్నవి! ఈ విషయం 1683 సెప్టెంబరు 17వ తేదీ లేఖలో లండనులోని రాయల్ సొసైటీకి వ్రాశాడు. జన్మలో ఎన్నడూ నోరు శుభ్రం చేసుకోని ఒక ముసలివాని పంటి పాచిని కూడా పరీక్షించి, అందులో ఆ ప్రాణులు మరీ అధికంగా ఉన్నట్లు తెలిపాడు. నేడు బాక్టీరియా అని పిలిచే జీవులను మానవుడు చూచిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

ఆ జీవులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని, జిగురు వంటి పదార్థంతో పంటికి అతుక్కొని ఉంటాయి. అందువలననే నీళ్ళు పుక్కిలించినంత మాత్రాన పాచి పోదు; రుద్దితేనే పోతుంది. తోముకొన్న కొద్ది గంటలకే మరల కొత్త పొర పట్టడం మొదలవుతుంది. ఎడతెగక ఊరే ఉమ్మి పగలు నోటిని కొంతవరకు కడుగుతూ ఉంటుంది. నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గుతుంది. కనుక పడుకోబోయే ముందు తోముకోవడానికి ఉదయం తోముకోవడం కంటె తక్కువ ప్రాధాన్యం లేదు.

పాచి గార అయ్యే విధం

ఉమ్మిలో సున్నపు, భాస్వరపు లవణాలు కరిగి ఉంటాయి. పంటికి అవి మేలుచేసేవే. పంటి పై పొరలోని చిన్న లోపాలను పూరిస్తూ ఉంటాయి. కాని అవే లవణాలు తోమకుండా విడిచిన పాచిలోకి ఇంకి గట్టిపడతాయి. ఉప్పునీటి బావులున్న ఊళ్ళలో నీళ్ళు కాచే పాత్ర అడుగున తెల్లని పెచ్చు కట్టినట్లే ఇదీ జరుగుతుంది. కొందరిలో కొద్ది రోజులకే మొదలవుతుంది, కొందరిలో నెమ్మదిగా సాగుతుంది. ఎంత జాగ్రత్తగా తోమినా కొందరికి గార త్వరగా పట్టడానికి వారి ఉమ్మి స్వభావం ఒక కారణం.

ఉమ్మి నోటిలోకి దిగే ద్వారాల వద్దనే గార ఎక్కువ. అటువంటి ద్వారాలు నాలుక కింద ఉన్నవి; పై దవడ పళ్ళ కెదురుగా బుగ్గల లోపల ఉన్నవి. కనుక కింది ముందుపళ్ళ వెనుకభాగం, పై దవడపళ్ళ బుగ్గవైపు గారకు ఇష్టమైన తావులు. నాలుక కొసతో కింది ముందుపళ్ళ వెనుక తడిమి చూచుకొంటే ఎవరికి వారికే తెలుస్తుంది: గాజువలె నునుపుగా ఉంటే మంచిది, గరుకుగా తగిలితే అక్కడ పాచియో గారయో ఉన్నట్లు. చిగురుకు పైన కనబడే గార పసుపుపచ్చగానో తెల్లగానో ఉంటుంది. చిగురు కింద దాగి పట్టేది ముదురు గోధుమరంగులోనో నలుపులోనో ఉండి మరింత గట్టిగా పట్టుకొంటుంది.

తాంబూలంలోని సున్నమే గారకు కారణమని ఒక నమ్మకం ఉన్నది. తాంబూలం పళ్ళకు మరకలు తెచ్చే మాట నిజమే. కాని జన్మలో తమలపాకు ముట్టనివారికీ గార పడుతుంది, ఆ సున్నం వారి ఉమ్మిలోనిదే కనుక. నిమ్మచెక్కతో రుద్దితే గార కరుగుతుందనే మరొక నమ్మకం మాత్రం ప్రమాదకరమైనది. పాత్రకు పట్టిన పెచ్చును చింతపండు పులుపుతో పోగొట్టవచ్చును, ఎందుకంటే పాత్ర వేరు, పెచ్చు వేరు. పన్ను అట్లా కాదు. పన్ను, గార కూడా సున్నపు భాస్వర లవణాలతో ఏర్పడినవే. గారను కరిగించే పులుపు పంటినీ కరిగిస్తుంది.

పన్నెండుగురి సాక్ష్యం

పాచి మూలంగానే చిగుళ్ళు వాస్తాయని నిస్సందేహంగా రుజువైనది 1965లో. డెన్మార్కు దేశపు ఆర్హుస్ నగరంలో హారాల్డ్ లో అనే దంతవైద్య శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక చిన్న ప్రయోగం చేశారు. ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మందిని తీసుకొని, పళ్ళు తోముకోవడం పూర్తిగా మానుమన్నారు. వారిలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. పది రోజులు మొదలుకొని ఇరవై ఒక్క రోజుల లోపల 12 మందికీ చిగుళ్ళు ఎర్రబడి వాచాయి. ఒక్కరైనా తప్పించుకోలేదు. పిమ్మట మరల తోముకోవడం ప్రారంభించగానే సుమారు ఒక వారంలో అందరి చిగుళ్ళు యథాస్థితికి వచ్చాయి. ఏ మందూ వాడలేదు.

ఈ ప్రయోగంలో భయమూ ఉన్నది, ధైర్యమూ ఉన్నది. మూడు వారాల అశ్రద్ధ చాలు, చిగురు చెడడానికి. ఒక వారం శ్రద్ధ చాలు, బాగుపడడానికి. అయితే అది పాచి మాత్రమే ఉన్నవారి మాట. గార కట్టిన చోట బ్రష్షు ఎంత రుద్దినా దాని గరుకు ముఖాన పాచి నిలుస్తూనే ఉంటుంది. చిగురు కింద చేరినదానిని బ్రష్షు అందుకోనే లేదు.

అట్లా ఏళ్ళ తరబడి విడిచిపెడితే ఏమవుతుంది? దీనికి సమాధానం అదే శాస్త్రజ్ఞుని మరొక పరిశీలనలో దొరికినది. 1970లో ఆయన బృందం శ్రీలంక తేయాకు తోటలలోని 480 మంది తమిళ కూలీలను పరీక్షించడం ప్రారంభించి, వారిని సంవత్సరాల తరబడి గమనించినది. వారికి దంతవైద్యమంటే తెలియదు. బ్రష్షు వాడే అలవాటు లేదు. వింత ఏమంటే, వారికి పుచ్చుపళ్ళు దాదాపు లేవు. పాచి, గార, చిగుళ్ళ వాపు మాత్రం అందరికీ ఉన్నవి. 1986లో వెలువడిన ఫలితాల ప్రకారం 100 మందిలో 11 మందికి వ్యాధి చిగురు వాపుతోనే ఆగినది. 81 మందికి మెల్లగా లోపలికి పాకినది. వారికి 45వ ఏటికి సగటున 7 పళ్ళు పోయాయి. మిగిలిన 8 మందిలో అది వేగంగా సాగి, 45వ ఏటికి నోటిలో పన్ను లేకుండా చేసినది.

ఆ పళ్ళలో లోపం లేదు. వాటిని పట్టుకొని ఉన్న ఎముక అడుగంటినది. ఇల్లు చక్కగానే ఉన్నా పునాది మట్టి కోసుకొనిపోయినట్లు పాచి, గార చేరిన చోట చిగురు పంటిని విడిచి సంచివలె గుంటపడుతుంది. ఆ గుంటలో పాచి మరింత చేరుతుంది. వాపు లోతుకు పోయి దవడ ఎముకను కరిగిస్తుంది. అందరికీ ఒకే వేగంతో జరగకపోవడానికి వారి వారి శరీరతత్త్వం కారణం. వార్ధక్యం వలననే పళ్ళు ఊడుతాయనే మాటకు పై 11 మందే సమాధానం. వయస్సు వారికీ వచ్చినది.

సుశ్రుతుని మాట

గారను పరికరంతో తొలగించడం పాశ్చాత్యులు తెచ్చిన కొత్త వింత అని భావించరాదు. సుశ్రుతసంహిత పంటి వ్యాధులలో దంతశర్కర అనేదానిని పేర్కొన్నది. శర్కర అనగానే తెలుగువారికి చక్కెర స్ఫురిస్తుంది గాని, సంస్కృతంలో దానికి గులకరాయి, గరుకు ఇసుక అనే అర్థమూ ఉన్నది. పంటి మీద గరుకురాయివలె గట్టిపడిన మలమే దంతశర్కర. శర్కర అన్న మాటకు స్ఫూర్తి రాయే. దంతమూలాలకు హాని కలుగకుండా శర్కరను పెకలించవలెనని సుశ్రుతుడు వైద్యునికి ఆదేశించాడు. ఆయన వర్ణించిన ఇరవై శస్త్రాలలో దంతశంకువు ఒకటి. నెత్తురు కారడం, మంట, పళ్ళు కదలడం లక్షణాలుగా గల చిగుళ్ళ వ్యాధికి ఉపకుశమనే పేరు కూడా ఆ గ్రంథంలో ఉన్నది. తరువాతి కాలంలో, క్రీ. శ. 1000 ప్రాంతంలో, కార్డోబా వైద్యుడు అల్ జహ్రావి పళ్ళ గార గీకడానికి 14 రకాల పరికరాలను వర్ణించాడు.

అంత ప్రాచీనమైన చికిత్సను గురించి నేటికీ ఒక భయం ఇంటింటా ఉన్నది. "గార తీయిస్తే పళ్ళు కదులుతాయి, సందులు పడతాయి" అన్నదే ఆ భయం. దీనికి ఆధారం లేకపోలేదు. గార తీయించుకొన్నవారు కొందరు కొన్నాళ్ళు చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుందనీ, పళ్ళ నడుమ ఖాళీ వచ్చిందనీ చెప్పడం కద్దు. ఆ ఖాళీ చికిత్స వలన పుట్టినది కాదు. ఎముక, చిగురు ఏనాడో తరిగిపోగా ఆ చోటును గార ఆక్రమించి ఉన్నది. పైన వాచిన చిగురు కప్పి ఉంచినది. గార పోయి, వాపు తీసిన తరువాత అసలు నష్టం బయటపడుతుంది. కదిలే పళ్ళను గార అడ్డుకట్టవలె కొన్నాళ్ళు పట్టి ఉంచడమూ కద్దు. కాని ఆ కట్టే లోపల ఎముకను తినివేస్తున్నది. ఈ భయంతో చికిత్సను వాయిదా వేసినవారే చివరకు, "అనుకొన్నంతా అయింది, పళ్ళు కదిలాయి" అంటారు.

ఇంటిలో చేయవలసినది

మెత్తని కుచ్చుగల బ్రష్షుతో రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ రెండు నిమిషాలు తోముకోవలెను. పన్నూ చిగురూ కలిసే గీటు మీద కుచ్చును ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న కదలికలతో మెల్లగా రుద్దవలెను. బలంగా అడ్డంగా రుద్దితే పంటి మొదలు అరిగి చిగురు దిగజారుతుంది. పందుంపుల్ల వాడేవారు కొసను మెత్తని కుచ్చు అయ్యేవరకు నమిలి, పళ్ళ వెనుకవైపుకూడా మరచిపోకుండా తోముకోవలెను. బొగ్గు, ఇటుకపొడి, బూడిద, గళ్ళుప్పు పంటిని తెల్లగా తోచేటట్లు గీస్తాయే గాని గారను తీయలేవు. బ్రష్షు గాని పుల్ల గాని చొరని పళ్ళ సందులకు ప్రత్యేకంగా అమ్మే మైనపు దారమో సన్నని సందు బ్రష్షో అవసరం.

చిగురు వాచి సలుపుతున్నప్పుడు గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలిస్తే ఉపశమనం కలుగుతుంది. అది తాత్కాలికమే. చిగురు నొప్పిగా ఉన్నచోట మెల్లగానైనా సరే, తోమడం మానరాదు. పిన్నీసుతోనో బ్లేడుతోనో గారను గీకుకొనే సాహసం చేయరాదు. చిగురు నుండి నెత్తురు రాగానే విటమిన్ మాత్రలు మింగేవారున్నారు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడవైద్యుడు నారింజ, నిమ్మపళ్ళతో నావికులకు నయం చేసిన వ్యాధిలో చిగుళ్ళు చివుకుతాయన్నది నిజమే. అది తాజా పళ్ళు, కూరలు నెలల తరబడి దొరకనివారి వ్యాధి. రోజూ కూరలు తినేవారి చిగురు నెత్తురుకు సాధారణ కారణం పాచియే. మాత్ర దానిని కడుగదు.

చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. పొగాకు చిగుళ్ళలోని నెత్తుటి ప్రవాహాన్ని తగ్గించడం వలన వారికి ఎర్రని చార కనబడకపోవచ్చును. హెచ్చరిక లేకుండానే ఎముక కరుగుతుంది. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ళ వ్యాధి త్వరగా ముదురుతుంది. ముదిరిన చిగుళ్ళ వ్యాధి మధుమేహాన్ని అదుపు తప్పిస్తుంది. గర్భిణులకు, కౌమారంలోని బాలబాలికలకు కొద్ది పాచికే చిగుళ్ళు ఎక్కువగా వాస్తాయి. ఆ దశ దానంతట అదే పోతుందని తోమడంలో అశ్రద్ధ చేయరాదు.

సరిగా తోముకొన్నా రెండు వారాలలో నెత్తురు ఆగకపోయినా, నాలుకకు గార గరుకుగా తగులుతున్నా, దంతవైద్యుని చూడవలెను. చీము, పన్ను కదలడం, చిగురు నుండి ముఖానికి పాకే వాపు, జ్వరం కనబడితే ఒక్కరోజైనా ఆగరాదు. గుండె జబ్బుకో మరొకదానికో నెత్తురు పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందుగా చెప్పవలెను. హైదరాబాదు, విజయవాడ, కడప పట్టణాలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నవి. చిగురు వాపు పూర్తిగా కుదిరే జబ్బు. ఎముక కరిగిన తరువాత చికిత్స ఆ కరుగుదలను ఆపగలదు గాని, పోయిన ఎముకను మామూలుగా తిరిగి తేలేదు.

బడిలో చెప్పవలసిన పాఠం

పళ్ళు నమలడానికే ఉన్నవనుకొంటే పొరపాటు. త, థ, ద, ధ, న, ల, స అనే అక్షరాలను వర్ణమాలలో దంత్యాలని నేర్పుతారు. నాలుక కొస పళ్ళను ఆనుకొంటే గాని అవి చక్కగా పలుకవు. తెలుగుకు ఇవి చాలనట్లు దంత్య చకారజకారాలు కూడా ఉన్నవి. చిలుకలోని చకారం తాలవ్యం, చలిలోనిది దంత్యం. జింకలోని జకారం తాలవ్యం, జడలోనిది దంత్యం. ముందుపళ్ళు ఊడిన పంతులుగారు ఈ భేదాన్ని నల్లబల్ల మీద వ్రాసి చూపగలరు గాని నోటితో వినిపించడానికి కష్టపడతారు. పద్యం చదివి అర్థం చెప్పడమే వృత్తిగా గలవారికి ముందుపళ్ళు సుద్దముక్క కంటె ముఖ్యమైన పనిముట్లు.

దంత్యాలు నేర్పే రోజున ఉపాధ్యాయుడు పిల్లలను నాలుక కొసతో కింది పళ్ళ వెనుక తడిమి చూడుమంటే, వ్యాకరణంతోపాటు ఆరోగ్యశాస్త్రమూ ఒకే గంటలో పూర్తవుతుంది. గరుకు తగిలినవారెందరో చేతులెత్తుతారు. ఆ వయస్సులో పాడైనదంతా చాలావరకు వారం పది రోజుల శ్రద్ధతో బాగుపడేదే. నెత్తురు వస్తే తోమడం మానరాదనే ఒక్క ముక్క వారు ఇంటికి తీసుకొనిపోయి తల్లిదండ్రులకు చెబితే, ఆ ఇంటిలో ఎవరో ఒకరి పళ్ళు మరి కొన్నేళ్ళు నిలుస్తాయి.